రెండోసారి మేడమ్

మా వదినకి ఆఫీసులో ఒక పేరుంది. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆమె లిఫ్టు దిగడం చూస్తే చాలు, "వచ్చేసింది రెండోసారి మేడమ్" అని ఒకరికొకరు సైగ చేసుకుని కుర్చీల్లో నిటారుగా సర్దుకుంటారు. దేన్నైనా రెండుసార్లు అడుగుతుంది కాబట్టి ఆ పేరు. "అయిపోయిందా?" అని ఒకసారి అడుగుతుంది. అవతలివాడు "అయిపోయింది మేడమ్" అన్నాక కాస్త ఆగి, అతని మొహంలోకి చూస్తూ "అయిపోయిందా?" అని మళ్ళీ అడుగుతుంది. ఆ రెండోసారికి చాలామంది గుటకలు మింగుతారు. నిజంగా పని పూర్తిచేసినవాళ్ళు కూడా మింగుతారు.

నేను ఆమెకి ఆడపడుచుని. ఉండేది ఒకే ఇంట్లో, పనిచేసేది ఒకే ఆఫీసులో. ఆమె నాలుగో అంతస్తులో పరీక్షలు చేస్తుంది, నేను మూడో అంతస్తులో కస్టమర్ల ఫోన్లెత్తి తిట్లు తింటాను. ఆడపడుచు నోట వదిన గురించి మంచిమాట వస్తే ఎవరూ నమ్మరు, చెడ్డమాట వస్తే నమ్మనివాళ్ళు ఉండరు. కాబట్టి మీరు నన్ను కూడా కొంచెం అనుమానంగానే వినండి. మా ఇంట్లో అది అలవాటే.

పొద్దున మేం బయల్దేరేటప్పుడు ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే మా వదినంటే ఏమిటో అర్థమైపోతుంది. మా అన్నయ్య గ్యాస్ కట్టేసి, వంటగది కిటికీ మూసి, వచ్చి బూట్లు వేసుకుంటాడు. వదిన చెప్పుల్లో కాలు దూరుస్తూ అడుగుతుంది.

"ఏమండీ, గ్యాస్ కట్టేశారా?"

"కట్టేశాను."

"కట్టేశారా?"

"కట్టేశానే తల్లీ!"

ఆమె చెప్పులు విడిచి లోపలికెళ్ళి, వంగి, రెగ్యులేటర్ తిప్పి చూసి, వచ్చి మళ్ళీ చెప్పులు వేసుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో అన్నయ్య దీనికి ఉడుక్కునేవాడు. తర్వాత కొన్నాళ్ళు నవ్వేవాడు. ఇప్పుడు ఆమె చూసొచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడతాడు, అంతే. వాళ్ళ పాప కూడా బడిసంచీ భుజాన వేసుకుని, ఇది లోకమంతటా జరిగేదే అన్నట్టు గోడకి ఆనుకుని ఎదురుచూస్తుంది.

ఈ గుణం ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి బట్టలు మడతపెడుతూ తనే చెప్పింది. చిన్నప్పుడు ఒకరోజు బడినుంచి వచ్చేసరికి వాళ్ళమ్మ ఇంట్లో లేదట. పిన్నిని అడిగితే "ఊరెళ్ళిందమ్మా, వచ్చేస్తుంది" అంది. నాన్నని అడిగితే "ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉంది, రేపు తీసుకొస్తా" అన్నాడు. ఇద్దరూ ఒకేలా తల నిమిరారు, ఒకేలా చూపు తప్పించారు. పక్కింటావిడని అడిగితే ఆవిడ ఏమీ అనకుండా దగ్గరికి తీసుకుని ఏడ్చేసింది. వాళ్ళమ్మ మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. "అప్పటినుంచీ ఎవరేం చెప్పినా ఒక్కసారికి నమ్మబుద్ధి కాదు" అంది వదిన, దుప్పటి అంచులు సరిచేస్తూ.  ఆ రోజునుంచి ఆమె గ్యాస్ సంగతి గురించి నేను వెక్కిరించడం మానేశాను. మిగతావాటి గురించి మానలేదు.

ఇక మా ఆఫీసు సంగతి. మేం తయారుచేసేది డీబగ్గర్. పేరు చూసి బెదరక్కర్లేదు. నడుస్తున్న ప్రోగ్రామును మనకి కావలసినచోట ఉన్నపళంగా ఆపేసి, ఆగినచోట దాని కడుపులో ఏముందో చూపించే పనిముట్టు అది. కింద ఒక పెట్టె ఉంటుంది. అందులో "ఇప్పుడు వరసలో ఎంతమంది ఉన్నారు?" అనో, "ఈ రెండూ కూడితే ఎంత?" అనో కంప్యూటర్ భాషలో రాస్తే, ఆ క్షణంలో ప్రోగ్రాములో ఉన్న విలువలన్నీ తీసుకుని లెక్కకట్టి జవాబు చెబుతుంది. అలా జవాబు చెప్పే భాగం మొత్తం రాసింది మా అన్నయ్య. అది చెప్పే జవాబులు నిజమో కాదో తేల్చేది మా వదిన. మొగుడి మాట నిజమో కాదో చూడ్డానికి పెళ్ళానికి జీతం కూడా ఇచ్చే కంపెనీ ఇదొక్కటేనని మా క్యాంటీన్‌లో పాత జోకు.

ఆమె పరీక్ష చేసే తీరు చూసి తీరాలి. జవాబు తనకి ముందే తెలిసిన చిన్న చిన్న ప్రోగ్రాములు తనే రాసుకుంటుంది. వాటిని ఒకచోట ఆపి, తెలిసిన ప్రశ్నే ఏమీ తెలియనట్టు అడుగుతుంది. సున్నాతో భాగించమంటుంది. లేని పేరు ఉన్నట్టుగా అడుగుతుంది. ఒకే పేరుతో ఇద్దరుంటే ఎవరి గురించి చెబుతుందో చూస్తుంది. జవాబు సరిగ్గా వచ్చినా సంతోషించదు, మళ్ళీ అడుగుతుంది. ఇంకొకరి మెషీన్ మీద కూర్చోవాల్సి వస్తే ముందు తన తాళాలగుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్ గుచ్చి, తన సెట్టింగులన్నీ ఎక్కించుకుని అప్పుడు మొదలుపెడుతుంది.

"వాళ్ళ సెట్టింగుల్లో ఎవరేం పెట్టారో మనకేం తెలుసు?" అంటుంది. హోటల్‌కి వెళ్తూ సొంత దుప్పటి పట్టుకెళ్ళేవాళ్ళు ఉంటారు చూడండి, ఆ బాపతు. లోకంలో ఆమె అనుమానించని వస్తువు ఏదైనా ఉందంటే ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటే.

గొడవ మొదలైంది నా ఫోనులోనే. టోకెన్ యంత్రాలకి ప్రోగ్రాములు రాసే కంపెనీ ఒకటి మాకు కస్టమరు. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో మీట నొక్కితే నంబరు చీటీ వస్తుందే, ఆ యంత్రాలు.

"మీ కొత్త వెర్షన్ అబద్ధాలు చెబుతోందండీ," అన్నాడు అవతలాయన.

"ఏమంటోందండీ?" అన్నాను.

"ప్రోగ్రాము ఆపి ఇప్పటి నంబరెంత అని అడిగితే నలభై ఒకటి అనాలి. నలభై రెండంటోంది. ఇంకోసారి ఆపి అడిగితే రెండు ఎక్కువ చెబుతోంది. మా యంత్రం తప్పా మీ పనిముట్టు తప్పా తెలీక మావాళ్ళు జుట్టు పీక్కుంటున్నారు."

ఆ ఫిర్యాదు నాలుగో అంతస్తుకి పంపాను. మర్నాడు, శుక్రవారం పొద్దున్నే మేనేజర్ మమ్మల్నందరినీ పిలిచాడు. ఆయన్ని మేం వాయిదాల సారు అంటాం. ఏ సంగతి తీసుకెళ్ళినా "తర్వాత చూద్దాం" అనడం తప్ప ఇంకో మాట ఎరగని మనిషి. అలాంటాయన ఆ రోజు మాత్రం కూర్చోకుండానే మాట్లాడాడు. నాకు అప్పుడే ఏదో తేడాగా అనిపించింది.

"జవాబులు చెప్పే భాగం బయటి కంపెనీ దగ్గర రెడీగా దొరుకుతుంది, కొనేద్దాం అంటున్నారు పైవాళ్ళు," అన్నాడు. "మనది తప్పని తేలితే సోమవారం నిర్ణయం అయిపోతుంది. అప్పుడిక్కడ ఆ పనికి మనిషి అక్కర్లేదు."

మా అన్నయ్య వైపు చూడకుండా అన్నాడా మాట. గదిలో మిగతా అందరం అన్నయ్య వైపే చూశాం. చేరిన రోజునుంచి ఆ ఒక్క భాగమే రాస్తూ వచ్చాడు మా అన్నయ్య. ఇంకో పని అడిగితే ఇవ్వరు, ఇంకోచోట ఈ పని అడిగేవాళ్ళు లేరు.

"తేల్చాల్సింది మీరే మేడమ్," అన్నాడు వాయిదాల సారు వదినతో. "ఏమీ అనుకోకండి, మీ ఆయన కాబట్టి మీరు చూసీ చూడనట్టు వదిలేస్తారేమోనని పైవాళ్ళకి చిన్న అనుమానం."

మా వదిన మొహం ఎర్రబడింది. అనుమానించడమే తప్ప అనుమానింపబడటం ఆమెకి అలవాటులేదు.

"ఆయన ముట్టుకున్న ఏ మెషీన్ మీద వచ్చిన ఫలితాన్నీ నేను లెక్కలోకి తీసుకోను సార్. సరేనా?" అంది.

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆ రోజంతా నాలుగో అంతస్తు పోలీసు స్టేషన్‌లా ఉంది. నేను ఏదో ఒక సాకుతో పైకెళ్ళి వస్తూనే ఉన్నాను. వదిన ఇదివరకెప్పుడో తను రాసుకున్న చిన్న టోకెన్ ప్రోగ్రాము ఒకటి తీసి, తన మెషీన్‌లో నడిపి, నలభై ఒకటో నంబరు దగ్గర ఆపింది. ఇప్పటి నంబరెంత అని పెట్టెలో అడిగింది. నలభై రెండు అని వచ్చింది. మొదటినుంచి మళ్ళీ నడిపింది. మళ్ళీ నలభై రెండే. అన్నయ్యకి కబురుపెట్టింది. అన్నయ్య అదే ప్రోగ్రాము తన మెషీన్‌లో నడిపి చూపించాడు. నలభై ఒకటి!

"నా మెషీన్‌లో సరిగ్గానే వస్తోందే," అన్నాడు. ప్రోగ్రామర్లు మాటలు నేర్చిన రోజున మొదట నేర్చేది ఈ మాటే అనుకుంటాను.

"మీరు చూపించింది కాదు, నేను చూసింది కావాలి," అంది వదిన.

కిందికి వచ్చి నన్ను కుర్చీలోంచి లేపి, నా మెషీన్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చి, తన సెట్టింగులు ఎక్కించి అడిగింది. నలభై రెండు. మళ్ళీ పైకెళ్ళి, అన్నయ్యని లేపి అతని మెషీన్ మీద కూడా అలాగే చేసింది. అంతసేపూ నలభై ఒకటి చెప్పిన ఆ మెషీన్ కూడా నలభై రెండంది. అన్నయ్య వేళ్ళకి ఒప్పు, వదిన వేళ్ళకి తప్పు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు.

"మీరు దీంట్లో ఏదో మార్చిపెట్టుకున్నారు," అంది వదిన నెమ్మదిగా. "నా చేతికొచ్చేసరికి బయటపడింది."

"నేనేం మార్చానే?"

"అదే నేనూ అడుగుతున్నా. ఏం మార్చారు?"

అతని మెషీన్‌లో ఫోల్డర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూడటం మొదలుపెట్టింది. అన్నయ్య ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. జేబులు వెతకనిచ్చేవాడిలా చేతులు వదిలేసి ఉన్నాడు. అప్పుడు నేనొకటి గమనించాను. అతని చూపు స్క్రీన్ కింద మూలకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వంగి చూశాడు. ఏదో అనబోయాడు. వదిన చటుక్కున తల తిప్పింది.

"ఏంటి?"

"ఏం లేదు. కాఫీ తాగుతావా?"

"ఎందుకడుగుతున్నారు?"

అన్నయ్య క్యాంటీన్ వైపు వెళ్ళిపోయాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నేను కూడా అతన్నే అనుమానించాను. దాచేదేమీ లేనివాడు మాట ఎందుకు మార్చాలి? సొంత అన్నయ్య మీద నాకే అలా అనిపిస్తే ఇక వదినకి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సాయంత్రానికి రిపోర్టు రాసేసింది. జవాబులు చెప్పే భాగం నమ్మదగింది కాదు అని ఒక్క ముక్కలో తేల్చింది. వాయిదాల సారు దాన్ని చదివి, ఎప్పుడూ లేనంత వేగంగా పైకి పంపించాడు.

ఇంటికొచ్చాక నాకు ఒళ్ళు మండింది. కూరలు తరుగుతున్న వదిన దగ్గరికెళ్ళి నిలదీశాను.

"ఏంటి వదినా, అన్నయ్య మీద నీకంత కక్ష? సోమవారం అతని ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"తెలుసు."

"మరి?"

కత్తి పక్కన పెట్టింది. "కక్షేంటే నీ మొహం? ఆయన చెప్పేదే నిజం కావాలని నాకెంత ఉందో నీకేం తెలుసు? అంత ఉంది కాబట్టే భయం. నాకు కావలసిన జవాబు వచ్చేసిందనుకో, ఇక అక్కడితో కళ్ళు మూసేసుకుంటానేమో! అందుకే ఇంకా గట్టిగా చూశా." ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఉల్లిపాయలు ఇంకా తరగలేదు.

 ఆ రెండు రోజులూ ఇంట్లో అందరం పరాయివాళ్ళలా మర్యాదగా మసలుకున్నాం. "కొంచెం ఉప్పు అందిస్తారా?" "తప్పకుండా." వాళ్ళిద్దరూ అరుచుకున్నా బాగుండేది. అన్నయ్య బాల్కనీలో కూర్చుని ఉద్యోగాల ప్రకటనలు చూస్తున్నాడు. నేను వెళ్తే ఫోను బోర్లా పెట్టేస్తున్నాడు.

ఆదివారం పొద్దున వదిన పాపని స్నానానికి సిద్ధం చేస్తోంది. నేను హాల్లో బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను.

"పళ్ళు తోముకున్నావా?" అని వదిన గొంతు వినిపించింది.

"తోముకున్నా."

"తోముకున్నావా?"

పాప చిన్నగా, "లేదు," అంది.

"మరి తోముకున్నానని ఎందుకు చెప్పావ్?"

"ఏమో."

బ్రష్షులు పెట్టే గ్లాసు చప్పుడైంది. మళ్ళీ వదిన గొంతు, ఈసారి వేరేగా ఉంది.

"ఇదేంటి, బ్రష్షు తడిగా ఉంది? పేస్టు వాసన కూడా వస్తోంది. తోముకున్నావుగా! మరి లేదన్నావేంటి?"

"నువ్వు మళ్ళీ అడిగావుగా," అంది పాప. ఏడుపు మొదలయ్యే గొంతు. "మళ్ళీ అడిగావంటే మొదట చెప్పింది తప్పేమో అనుకున్నా. అందుకే మార్చేశా."

 నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి వెళ్ళి చూశాను. వదిన స్నానాలగదిలో పీట మీద కూర్చుని ఉంది. చేతిలో పాప బ్రష్షు. ఎదురుగా సగం బట్టలతో పాప, బిక్కమొహం వేసుకుని. వదిన పాపని దగ్గరికి లాక్కుని బుగ్గమీద ముద్దు పెట్టి, "నువ్వు తోముకున్నావు, నాకు తెలుసు," అంది. ఆ పిల్లని నా చేతికి అప్పగించి, తడిచేతులతోనే హాల్లోకి వెళ్ళి తన ఆఫీసు ల్యాప్‌టాప్ తెరిచింది.

పాపకి తువ్వాలు చుట్టి నేనూ వెనకాలే వెళ్ళాను. స్క్రీన్ మీద అదే టోకెన్ ప్రోగ్రాము. నలభై ఒకటి దగ్గర ఆపింది. ఈసారి ఏమీ అడగలేదు. స్క్రీన్ కింద మూలకి చూస్తోంది. అక్కడ మూసేసిన ఒక పట్టీ ఉంది. దాని పక్కన చీమంత అంకె, ఒకటి.

"ఏంటది?" అన్నాను.

"వాచ్ పెట్టె. మాటిమాటికీ టైపు చేయక్కర్లేకుండా ఒక ప్రశ్న ఇందులో రాసిపెట్టుకుంటే, ప్రోగ్రాము ఆగినప్పుడల్లా డీబగ్గరే దాన్ని అడిగి జవాబు చూపిస్తుంది. నేను వాడను. నాకు చేత్తో అడిగితేనే నమ్మకం. అందుకే మూసేసి ఉంచుతా."

పట్టీ తెరిచింది. లోపల ఒకే ఒక్క ప్రశ్న ఉంది, "తర్వాతి టోకెన్ ఇవ్వు" అని.

"ఎవరు పెట్టారిది వదినా?" అన్నాను.  శుక్రవారం అన్నయ్య వంగి చూసిన చోటు అదే.

"ఎవరో పెట్టుంటే బాగుండేది," అంది వదిన. "నేనే పెట్టా. పాత వెర్షన్ పరీక్షించేటప్పుడు."

అప్పుడు నాకు విడమరిచి చెప్పింది. టోకెన్ యంత్రం దగ్గర తర్వాతి నంబరెంతో చూద్దామని ఊరికే చీటీ లాగామనుకోండి. నంబరు తెలుస్తుంది, నిజమే, కానీ చూసిన పాపానికి యంత్రం ఒక నంబరు ముందుకి జరిగిపోతుంది. ఆ ప్రశ్న కూడా అలాంటిదే. ఆగిన ప్రోగ్రామును ఆ ప్రశ్న అడిగితే అది జవాబు చెప్పడమే కాదు, నంబరు కూడా మార్చేస్తుంది. పాత వెర్షన్ అలాంటి ప్రశ్నల్ని వాచ్ పెట్టెలో ఒప్పుకునేది కాదు. నిజంగానే ఒప్పుకోదా అని మా వదినకి అనుమానం. రాసి చూసింది, ఒప్పుకోలేదు. పట్టీ మూసేసి ఆ సంగతే మర్చిపోయింది. కస్టమర్లు అడుగుతున్నారని కొత్త వెర్షన్‌లో అన్నయ్య వాటిని ఒప్పుకునేలా చేశాడు. అంతే, మూతకింద పడి ఉన్న పాత అనుమానానికి ప్రాణం వచ్చింది. ప్రోగ్రాము ఆగిన ప్రతిసారీ అది ముందే ఒక చీటీ లాగేస్తోంది. ఆ తర్వాత వదిన వచ్చి ఇప్పటి నంబరెంత అంటే పనిముట్టు ఉన్నమాటే చెప్పింది, నలభై రెండని. పెన్‌డ్రైవ్‌తోపాటు ఆ ప్రశ్న కూడా మెషీన్‌నుంచి మెషీన్‌కి ఊరేగింది.

"మీ అన్నయ్య రాసింది అబద్ధం చెప్పలేదే," అంది. "నేనే అడిగి అడిగి మార్చేశా."

ఆ ప్రశ్న తీసేసి నడిపింది. నలభై ఒకటి. మళ్ళీ పెట్టి నడిపింది. నలభై రెండు. ఇదంతా ఇంకోసారి చేసిందని వేరే చెప్పాలా?

సోమవారం పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళగానే కస్టమరుకి ఫోన్ చేశాను. "మీ వాచ్ పెట్టెలో ఏముందో ఒకసారి చూస్తారా?" అన్నాను. ఆయన చూసి, "తర్వాతి టోకెన్ ఉందండీ. మా కుర్రాళ్ళెవరో పెట్టుంటారు. ఏం?" అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆయన్ని లైన్లోనే ఉండమని, ఫోను పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తాను.

మీటింగ్ అప్పటికే మొదలైంది. వదిన నిలబడి జరిగిందంతా చెప్పేసింది. ప్రశ్న నాదే, తప్పు నాదే, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను అంది. వాయిదాల సారు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"శుక్రవారం తప్పన్నారు, సోమవారం ఒప్పంటున్నారు. మధ్యలో ఇల్లొకటుంది కదా మేడమ్," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయాను. వదిన చేత్తో ఆపింది.

"నన్ను నమ్మొద్దు సార్," అంది. "మీ మెషీన్ ఉందిగా. దాన్ని ఆయన ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు. మీ వేళ్ళతో మీరే చేయండి."

వాయిదాల సారు చాలాకాలం తర్వాత తన చేత్తో ఒక ప్రోగ్రాము నడిపాడు. ఎక్కడ నొక్కాలో రెండుచోట్ల మర్చిపోయాడు కూడా. నలభై ఒకటి వచ్చింది. వాచ్ పెట్టెలో ఆ ప్రశ్న రాశాడు. నలభై రెండు వచ్చింది. నా ఫోన్లోంచి కస్టమరు, "మాకూ అదేనండీ, తీసేస్తే సరిగ్గా వస్తోంది," అని అరిచాడు. వాయిదాల సారు గడ్డం గోక్కుని, ఆ ప్రశ్న చెరిపేసి, "ఉండండి, మళ్ళీ చేద్దాం," అన్నాడు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారీ అలాగే వచ్చింది.

"సరే, కొనే సంగతి తర్వాత చూద్దాం," అన్నాడాయన చివరికి. ఆ మాట అంత తియ్యగా నాకెప్పుడూ వినిపించలేదు. అడిగితే విలువ మారిపోయే ప్రశ్నలకి ముందుగా హెచ్చరిక వచ్చేలా చేసే పని అన్నయ్యకి అప్పగించాడు. దాన్ని పరీక్షించే పని వదినకే.

బయటికొచ్చాం. లిఫ్టు దగ్గర జనం ఉంటే మెట్ల వైపు నడిచాం, ముగ్గురమే. సగం మెట్లు దిగాక వదిన ఆగిపోయింది.

"శుక్రవారం నా వెనకాల నిలబడి చూశారుగా. కింద మూల ఒకటి అని ఉంది. చూశారా?"

"చూశాను," అన్నాడు అన్నయ్య.

"అదేంటో అర్థమైందా?"

"అర్థమైంది."

"మరి చెప్పలేదేం?"

అన్నయ్య కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడవలేదు, ఊరికే చేతిలో పట్టుకున్నాడు.

"చెబితే నమ్మేదానివా?"

వదిన ఏదో ఒకటి అంటుందని నేను ఎదురుచూశాను. వాదించడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. చేతిలో ఉన్న తాళాలగుత్తి వైపు, దానికి వేలాడుతున్న పెన్‌డ్రైవ్ వైపు చూస్తూ నిలబడిపోయింది.

"లేదు," అంది. "మీరే పెట్టారనుకునేదాన్ని."

"అదే," అన్నాడు అన్నయ్య.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఉద్యోగం పోతుంటే మాత్రం నోరు మూసుక్కూర్చుంటారా ఎవరైనా? పోయుంటే ఏంచేసేవాడివి అన్నయ్యా?" అని కేకలేశాను.

"ఇంకోటి వెతుక్కునేవాణ్ణి," అన్నాడు. "మీ వదిన నన్ను దొంగని చూసినట్టు చూస్తూ నా ఫోల్డర్లు వెతకడం ఇంకోసారి నిలబడి చూడలేననిపించిందే."

వదిన మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎవరైనా చూస్తారని కూడా అనుకోకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నయ్య పక్కన కూర్చున్నాడు. నేను వాళ్ళిద్దరికీ ఒక మెట్టు పైన, ఎవరైనా దిగొస్తే ఆపడానికి కాపలాగా నిలబడ్డాను.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బయల్దేరాం. అన్నయ్య గ్యాస్ కట్టేసి, కిటికీ మూసి, వచ్చి బూట్లు వేసుకున్నాడు. వదిన చెప్పుల్లో ఒక కాలు పెట్టింది.

"ఏమండీ, గ్యాస్ కట్టేశారా?"

"కట్టేశాను."

ఆమె పెదవులు కదిలాయి. వంటగది వైపు ఒకసారి చూసింది. అన్నయ్య అలవాటుకొద్దీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పాప గోడకి ఆనుకుంది. వదిన రెండో కాలు కూడా చెప్పులోకి దూర్చి, పాప చెయ్యి పట్టుకుని, "పదండి, ఆలస్యమవుతోంది," అంటూ గుమ్మం దాటేసింది. అన్నయ్యకి ఒక్క క్షణం ఏం చేయాలో తోచలేదు. తలుపు వదిలేసి వాళ్ళ వెనకాలే గబగబా నడిచాడు.

తాళం వేయడం నా వంతు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగాను. తర్వాత చెప్పులు విడిచి లోపలికెళ్ళి, వంగి, రెగ్యులేటర్ తిప్పి చూశాను. కట్టేసే ఉంది.